చుట్టాలిల్లా, లాడ్జి గదా?

ఆళ్ళగడ్డ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక వేయటం లేదు. వారి మామగారికి కంటి లోపల రెటీనా పొర దెబ్బతిన్నది. నంద్యాలలో చూసిన డాక్టరు, "ఆలస్యం చెయ్యకుండా మదరాసు తీసుకు వెళ్ళండి" అన్నారట. ఆమె, భర్త, మామగారు ముగ్గురూ బయలుదేరాలి. మామగారి పినతండ్రి కొడుకు అంబత్తూరులో ఉంటారు. ఇల్లు రెండు గదులది. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. "అయినవాళ్ళు ఉండగా లాడ్జిలో దిగితే రేపు ముఖం ఎలా చూపించటం?" అని భర్త అంటారు. ఆమెకు మాత్రం లాడ్జిలోనే దిగాలని ఉన్నది. ఆ మాట అంటే, "డబ్బు చెట్లకు కాస్తున్నదా?" అని ఇంట్లో చిన్న యుద్ధం. "మీరే చెప్పండి, నాది తప్పా?" అని అడిగారు.

తప్పు కాదమ్మా. అలాగని మీవారిదీ తప్పు కాదు. లాడ్జి అంటే డబ్బు దండగ, చుట్టాలిల్లు అంటే ఉచితం అనుకోవటం దగ్గరే పొరపాటు ఉన్నది.

నేను నంద్యాల పిల్లనే. చాలా ఏళ్ళ కిందట మా అమ్మకు ఆపరేషనని మదరాసు వెళ్ళాం. ఆ ఊరి పేరు 1996లో చెన్నై అయింది గాని, నా నోటికి ఇంకా మదరాసే వస్తుంది. అమ్మ పెత్తల్లి కొడుకు ఇంట్లో పదకొండు రోజులు ఉన్నాం. ఆ అత్తయ్య పొద్దున్నే లేచి అమ్మకు జావ కాచేది, ఆస్పత్రికి క్యారియరు పంపేది. ఒక్కనాడైనా ముఖం చిట్లించలేదు. పదేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో కలిసినప్పుడు మాటల సందర్భంలో నవ్వుతూ చెప్పింది, ఆ పదకొండు రోజులూ వాళ్ళ అబ్బాయి మేడ మెట్ల మీద బల్బు కింద కూర్చుని చదువుకున్నాడట. ఆ యేడు వాడికి పదో తరగతి పరీక్ష. మాకు ఎవరికీ తట్టనే లేదు. అమ్మ ఆ రాత్రి భోజనం సరిగా చెయ్యలేదు. "వాడికి ఆ సంవత్సరం మార్కులు ఎన్ని వచ్చాయో అడగటానికి కూడా నాకు నోరు రాలేదే" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు.

అందుచేత, సోదరీ, ఇంట్లో కాగితం కలం తీసుకుని రెండు లెక్కలూ పక్కపక్కన వేయండి. అంబత్తూరు నుంచి నుంగంబాకం వైపు ఆస్పత్రికి ప్రతిరోజూ ముగ్గురు వెళ్ళి రావాలి. కట్టు కట్టిన కంటితో ఉన్న పెద్దమనిషిని కిక్కిరిసిన బస్సులో ఎక్కించలేరు కదా, ఆటోయో కారో కావాలి. పిల్లలకు మిఠాయి, పళ్ళు, వచ్చేటప్పుడు ఇల్లాలికి చీర, పిల్లలకు బట్టలు. ఇవన్నీ పెట్టటం మన మర్యాద, పెట్టకుండా రాము. అన్నీ కలిపితే ఎంతవుతుందో చూడండి. దాని పక్కన లాడ్జి లెక్క వేయండి. మాటకు, గది అద్దె రోజుకు 1,200 రూపాయలనుకుందాం. దాని మీద పన్ను 5 శాతం. రోజుకు 7,500 మించని గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతాన్ని 5 శాతానికి తగ్గించారు. అంటే రాత్రికి 1,260. ఆరు రాత్రులకు 7,560. ఈ రెండు అంకెలకూ మధ్య తేడా మీవారు అనుకున్నంత ఉండదు.

ఇంకొక సంగతి. ఆరు రాత్రులే కావాలా అన్నది ముందు తేల్చుకోండి. డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగండి: "ఆపరేషను అయ్యాక ఎన్ని రోజులు ఇక్కడే ఉండాలి? ఎన్నోరోజున మళ్ళీ చూపించాలి? ఆ చూపించటం నంద్యాలలో మా డాక్టరు దగ్గర అయితే సరిపోతుందా?" కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. అది కంటిని బట్టి ఉంటుంది, చెప్పవలసింది డాక్టరే. రెండు రాత్రులు తగ్గినా 2,520 మిగిలినట్లే. ఆరోగ్య కార్డు ఉంటే, ఆ ఆస్పత్రిలో ఈ ఆపరేషనుకు చెల్లుతుందా లేదా అన్నది కూడా బయలుదేరక ముందే ఫోనులో కనుక్కోండి. అక్కడికి వెళ్ళాక కాదు.

బస గురించి ముందుగా ఆలోచించటం నాగరికులు కనిపెట్టిన కొత్త వేషం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మదరాసు నుంచి కాశీకి బయలుదేరి, మన అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకునే వెళ్ళారు. వెంట దాదాపు నూరుమంది. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఎక్కడ దిగటానికి చోటున్నది, ఎక్కడ ఏ సామాను దొరుకుతుంది అన్న సంగతులు వెనక వచ్చేవాళ్ళకు పనికివచ్చేలా తన "కాశీయాత్ర చరిత్ర"లో వ్రాసిపెట్టారు. నూరుమందిని నడిపించినాయన అంత జాగ్రత్త పడితే, ముగ్గురిని తీసుకు వెళ్ళే మీరు పడటంలో వింతేమున్నది?

మీకు ఆళ్ళగడ్డలో రైలు లేదు. నంద్యాల నుంచి మీ ఊరి మీదుగా మైదుకూరు, కడప వైపు పోయే పెద్ద రోడ్డే దిక్కు. కడప దాకా బస్సులో వెళ్ళి రైలెక్కితే పెద్దాయన కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. రైలు టిక్కెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు. కాని మీకు అంత వ్యవధి లేదు కనుక డాక్టరు తేదీ ఇచ్చిన గంటలోనే చూసుకోండి. తిన్నగా బస్సులోనే వెళ్ళేట్లయితే, ఆంధ్ర బస్సుల కోసం 2018లో మాధవరంలో వేరే స్టాండు తెరిచారని గుర్తుంచుకోండి. ఎక్కడ దింపుతారో టిక్కెట్టు కొన్నప్పుడే అడిగి, లాడ్జి అక్కడి నుంచి ఎంత దూరమో చూసుకోండి.

ఇక లాడ్జి ఎక్కడ? ఆస్పత్రికి దగ్గరగా. అంతకు మించిన సూత్రం లేదు. పది రూపాయలు ఎక్కువైనా సరే. నుంగంబాకంలోని శంకర నేత్రాలయకు గాని, 1819లో పుట్టిన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆస్పత్రికి గాని వెళ్ళేవాళ్ళకు ఎగ్మూరు స్టేషను ఎదుట కెన్నెట్ లేన్, ఆ చుట్టుపక్కల వీధులు అనుకూలం. చిన్నా పెద్దా లాడ్జీలు చాలా ఉన్నాయి. సెంట్రల్ దగ్గర పెరియమేటలోనూ ఉన్నాయి. ట్రిప్లికేన్‌లో "మాన్షన్" అన్న బోర్డులు కనిపిస్తే సంసారులకు గదులనుకోకండి. అవి ఉద్యోగాలకు వచ్చిన ఒంటరి మగవాళ్ళు నెలల తరబడి ఉండే చోట్లు. అలాగే "హోటల్" అని బోర్డు ఉన్న చోటల్లా పడక ఉండదు. మన వైపు లాగానే అక్కడా కొన్ని హోటళ్ళలో ఇడ్లీ మాత్రమే దొరుకుతుంది!

ఫోనులో బొమ్మలు చూసి గది ఖాయం చెయ్యకండి. బొమ్మలో గది ఎప్పుడూ పెళ్ళికూతురిలాగే ఉంటుంది. లాడ్జికే ఫోను చేసి మాట్లాడండి. మొదట అడగవలసింది రోజు లెక్క. కొన్ని లాడ్జీలలో మీరు దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటలు ఒక రోజు. కొన్నిటిలో మధ్యాహ్నం పన్నెండుకు రోజు మారిపోతుంది. ఇది తెలియక ఒకసారి నేను తెల్లవారుజామున అయిదింటికి ఒక లాడ్జిలో దిగి, ఏడు గంటలు ఉన్నందుకు ఒక పూర్తి రోజు అద్దె చెల్లించాను. గుమాస్తా గోడమీద బోర్డు చూపించాడు. బోర్డు ఉన్నది, చదవనిది నేనే. మీ బస్సు తెల్లవారే చేరుతుంది కనుక ఇది మీకు మరీ ముఖ్యం.

రెండోది, అద్దె పన్నుతో కలిపా, విడిగానా? మూడో మనిషికి పరుపు వేస్తే ఎంత? మూడోది, లిఫ్టు ఉన్నదా, కరెంటు పోతే అది నడుస్తుందా? నాలుగోది, స్నానాలగది గదిలోనే ఉన్నదా, మామగారు కూర్చోవటానికి కుర్చీవంటి దొడ్డి ఉన్నదా, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి? ఒక కన్ను కట్టేసిన మనిషికి తడినేల శత్రువు. జారకుండా వేసే రబ్బరు పట్ట ఒకటి ఇంటి నుంచే తీసుకు వెళ్ళండి. అయిదోది, ఆపరేషను తేదీ మారితే ముందు కట్టిన సొమ్ము తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా? ఆస్పత్రులలో తేదీలు మారటం మామూలే. వీలైతే ఒక్క రాత్రికే ముందు కట్టండి. దిగి, గది చూసి, పరుపు ఎత్తి చూసి, కుళాయి తిప్పి చూసి, అప్పుడు మిగతా రోజులకు మాట్లాడుకోండి.

గది ఇప్పిస్తామని ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోను చేస్తే డబ్బు పంపకండి. "మీ సొమ్ము తిరిగి వేస్తాం, పిన్ను నొక్కండి" అంటే వెంటనే ఫోను పెట్టెయ్యండి. డబ్బు మనకు రావటానికి యూపీఐ పిన్నుతో పని లేదు, మన దగ్గర నుంచి పోవటానికే పని. ముగ్గురి ఆధార్ కార్డులూ ఉంచుకోండి. రిజిస్టరులో వ్రాయించుకుంటారు. నకలు ఇవ్వవలసివస్తే మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచిన ఆధార్ ప్రతి ఇవ్వచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊళ్ళో వానల కాలం. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ వీధులకు వీధులే నీట మునిగాయి. ఆ నెలల్లో వెళ్ళవలసివస్తే నేల అంతస్తు గది వద్దు, పైగది తీసుకోండి.

సామాను సంగతి మీకు నేను చెప్పాలా? పాత చీటీలు, పరీక్షల కాగితాలు, మామగారి బి.పి., చక్కెర మాత్రలు ఒక సంచిలో వేసి, ఆ సంచి మీ చేతిలోనే ఉంచుకోండి. కంట్లో మందు వేసే వేళలు పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు ఆనించండి. చెనిక్కాయల పొడి, నాలుగు సజ్జరొట్టెలు, బొరుగులు ఉంటే మొదటి రెండు రోజులు గడిచిపోతాయి. నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్ వాడుకోనిస్తారేమో ఫోనులోనే అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఆస్పత్రుల దగ్గర పొయ్యి, గిన్నెలతో గదులు ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు. వారం దాటితే అవి కలిసివస్తాయి.

ఇక మిగిలింది ముఖం ఎలా చూపించటమన్నది. ఇది అన్నిటికన్నా ముఖ్యం. అంబత్తూరు వాళ్ళకు లాడ్జిలో దిగాక ఎవరి ద్వారానో తెలిస్తే తప్పకుండా నొచ్చుకుంటారు. అందుకని బయలుదేరక ముందే మీవారి చేత ఫోను చేయించండి. ఆ ఇల్లాలితో మాత్రం మీరు మాట్లాడండి. "అత్తయ్యా, మామయ్యకు గంట గంటకూ మందు వెయ్యాలట, అందుకని ఆస్పత్రి పక్కనే దిగుతున్నాం. ఆపరేషను నాడు మాత్రం నీ చేతి అన్నం కావాలి" అనండి. ఆ మాటలో అబద్ధం లేదు, పరాయితనమూ లేదు. ఆనాడు ఆవిడ క్యారియరు తెస్తుంది. పెద్దాయన ఆ చల్లని మజ్జిగన్నం తిని తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆళ్ళగడ్డ కబుర్లు చెప్పుకుంటారు. తిరిగి వచ్చే ముందు ఒక పూట వాళ్ళింటికి వెళ్ళి, పిల్లలకు ఇవ్వవలసింది ఇచ్చి రండి. ఆ పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో, పరీక్షలు ఎప్పుడో తప్పక అడగండి.

లాడ్జిలో దిగినంత మాత్రాన చుట్టరికం చెడదు. ఒకరి ఇంట్లో పడక మనది కాకపోయినా, ఆ ఇంటి అన్నం మనకు దక్కుతుంది. మా అమ్మకు ఆ రోజుల్లో ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఈ ఉత్తరం మీవారికి కూడా చదివి వినిపించండి. తిరిగి వచ్చాక మామగారి కన్ను ఎలా ఉన్నదో నాకు ఒక్క ముక్క వ్రాయండి. ఎదురు చూస్తూ ఉంటాను.