ముందు నోరు విప్పుదాం

ఈ మధ్య అమెరికాలోని మన తెలుగు సంఘంలో నలుగురు కలిసిన చోటల్లా ఒక మాట వినిపిస్తోంది. "స్పానిష్ అర్థమవుద్దండి, మాట్లాడదామంటేనే నోరు పెగలదు." అంటున్నవాళ్లు చదువు తక్కువైనవాళ్లు కారు. ఒకావిడ పిల్లల డాక్టరు. ఆవిడ దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామందికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ రెస్టారెంటు నడుపుతున్నాయన ఒకరు. ఆయన వంటింట్లో పనిచేసేవాళ్లది మెక్సికో. ఇంకొకరు ఇళ్లు కట్టిస్తారు. అందరూ ఫోన్‌లో పాఠాలు పూర్తిచేసినవాళ్లే, క్రియారూపాలు కంఠతా వచ్చినవాళ్లే. ఎదురుగా మనిషి నిలబడేసరికి మాత్రం ఇంగ్లిషులోకో, చేతి సైగల్లోకో దిగిపోతారు.

వయసు మీరాక కొత్త భాష రాదని వాళ్లు చెప్పే కారణం. నేను ఒప్పుకోను. మన ఊళ్లే దానికి జవాబు చెబుతాయి.

కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపునా గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరు అరుదు. కువైట్, మస్కట్, దోహా, బహ్రెయిన్. అక్కడి ఇళ్లలో వంట, పిల్లల పని, ముసలివాళ్ల సేవ. వెళ్లేనాటికే చాలామంది పిల్లల తల్లులు. ఐదో తరగతితో బడి మానేసినవాళ్లున్నారు, బడి మొహమే చూడనివాళ్లూ ఉన్నారు. అరబీలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేరు. అయినా సెలవుకు ఇంటికొచ్చినప్పుడు అక్కడి యజమానురాలు ఫోన్ చేస్తే, అరుగు మీద కూర్చుని గడగడా అరబీలో మాట్లాడతారు. అది పండితులు మెచ్చే అరబీ కాదు. లింగాలూ కాలాలూ కలగాపులగమై, మధ్యమధ్య హిందీ ముక్కలు దొర్లే వాడుక అరబీ. ఆ భాషతోనే రావలసిన జీతం అడిగారు, ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నారు, పరాయి ఇంట్లో ఒంటరిగా ఏళ్లకేళ్లు నెగ్గుకొచ్చారు. మాట అర్థంకాక తిట్లు పడ్డవాళ్లు, అంతకన్నా ఎక్కువ బాధలు పడ్డవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ కష్టాన్ని మనం ముచ్చటగా చెప్పుకోకూడదు. నేను చూడమనేది ఒక్క విషయమే. తప్పుగా మాట్లాడితే నా చదువుకు విలువ పోతుందేమోనన్న భయం వాళ్లను పట్టుకోలేదు.

ఆ భయం మనది. తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వెళ్లి, మొదటిసారి ఇంగ్లిషులో జవాబు చెప్పబోతే వెనక బెంచీ నవ్విన నవ్వు మనలో చాలామందికి ఇంకా గుర్తే. ఆ నవ్వు మళ్లీ వినబడకూడదనే అంత కష్టపడి ఇంగ్లిషు నేర్చుకున్నాం, దానితోనే పేరూ హోదా సంపాదించుకున్నాం. యాభై ఏళ్లొచ్చాక, పదిమంది గౌరవించే స్థితిలో ఉండి, మళ్లీ మాటలు తడుముకునే కుర్రాళ్లమైపోవడానికి మనసు రాదు. దీన్ని పరిశోధకులూ గమనించారు. 1986లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలైన్ హార్విట్జ్, మరో ఇద్దరు కలిసి, పరభాష నేర్చుకునే తరగతిలో కలిగే ఆందోళనను కొలవడానికి 33 వాక్యాల పట్టిక తయారుచేశారు. ఎదుటివాళ్లు మనల్ని తక్కువగా అంచనా వేస్తారన్న భయం ఆ ఆందోళనలో ఒక ముఖ్యమైన అంశమన్నారు. సొంత భాషలో తెలివిగా, హుందాగా మాట్లాడే పెద్దవాళ్లు కొత్త భాషలో తమను తాము పూర్తిగా చూపించుకోలేక నలిగిపోతారని వివరించారు.

తప్పులంటే మనకున్న ఈ బెదురు ఇవాళ్టిది కాదు. గ్రాంథికం తప్పితే భాషే కాదన్న పండితుల పట్టును సడలించడానికి 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా, గిడుగు వేంకట రామమూర్తి కార్యదర్శిగా ఒక సమాజమే ఏర్పడింది. జనం నోట ఉన్నదే భాష అని గిడుగు అంత గట్టిగా నిలబడడానికి వెనక ఒక అనుభవం ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకున్నారు. దానికి అప్పటికి లిపి లేదు, చదువుకోవడానికి పుస్తకాల్లేవు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. సవరల ఊళ్లకు వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నారు. సమాజం చిన్నచూపు చూసే మనుషులను ఒక పండితుడు గురువులుగా ఒప్పుకుని, వాళ్ల ముందు తప్పొప్పులు పలుకుతూ నేర్చుకున్నాడంటే ఆ మనసెంత పెద్దదో ఆలోచించండి. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. చెవితో భాష పట్టుకున్న మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది! అయినా ఆగలేదు. సవర పిల్లల కోసం బడి పెట్టారు, పాఠ్యపుస్తకాలు రాశారు. 1931లో ఆయన రాసిన సవర భాషా బోధిని ఇంగ్లిషులో అచ్చయింది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆ ఊరు వదిలి మన రాజమహేంద్రవరం వచ్చేశారు.

గిడుగుకు లేని వసతులు మనకెన్నో ఉన్నాయి. తెలుగు కూడా వాటిలో ఒకటి. స్పానిష్ అచ్చులు ఐదు, అన్నీ మన నోటికి అలవాటైనవే. త, ద మనం పలికినట్టే పళ్లకు తగిలించి పలుకుతారు. మనలాగే 'నేను' అనకుండానే క్రియ చివరి రూపంతో కర్తను తెలియజేస్తారు. నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది. మనం 'నాకు ఇష్టం' అనే తీరులోనే వాళ్లు 'మే గుస్తా' అంటారు. ఇంగ్లిషు మీదుగా వెళ్లేవాళ్లను తికమక పెట్టే ఈ అమరిక తెలుగు మీదుగా వెళ్తే సూటిగా ఉంటుంది. బల్లకూ పుస్తకానికీ లింగభేదం గుర్తుంచుకోవడం మనకు కష్టమే. అందులో పొరబడినా ఎదుటివాళ్లకు విషయం అందుతుంది.

తెలుగువాళ్లకు స్పానిష్ ఎందుకొస్తుందన్న అనుమానం ఉన్నవాళ్లు అనంతపురం వైపు చూడాలి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి నెలకొల్పిన ఆర్‌డీటీ అనే సేవాసంస్థ, పల్లెల్లోని పేద కుటుంబాల యువతకు స్పానిష్ నేర్పే బడి పెట్టింది. అక్కడ చదువుకున్నవాళ్లు ఆ భాషతో ఉద్యోగాలు చేస్తున్నారు.

ఇక్కడ అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు నాలుగు కోట్లకు పైనే. మన ఇళ్లకు పైకప్పు వేసేదీ, మన రెస్టారెంట్లలో గిన్నెలు కడిగేదీ, మన పెరటి పచ్చిక కోసేదీ చాలా చోట్ల వాళ్లే. ఏళ్ల తరబడి మన ఇంటికొచ్చే మనిషిని నీది ఏ ఊరు, పిల్లలెంతమంది అని ఒక్కసారైనా అడగకుండా వేలు చూపించి పని చెప్పడం మన మర్యాద కాదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కుశలమడిగే గోదావరి ఇళ్లలో పెరిగినవాళ్లం మనం.

కార్యవర్గానికి నాదొక విన్నపం. నెలకు రెండు ఆదివారాలైనా స్పానిష్‌లో మాట్లాడుకునే కూటమి పెట్టండి. మన దగ్గర పనిచేసేవాళ్లలో ఇష్టమున్నవారిని గురువులుగా పిలిచి, గురువుకు ఇవ్వవలసిన గౌరవమూ రుసుమూ ఇద్దాం. అక్కడ ఎవరి తప్పునూ మధ్యలో అందుకుని దిద్దవద్దు; మాట పూర్తయ్యాక, వాళ్లు అడిగితేనే చెబుదాం. సభ్యులు కూటమి మొదలయ్యేదాకా ఆగనవసరం లేదు. ఈ వారమే ఒకరిని వాళ్ల భాషలో పలకరించండి. జవాబు అర్థంకాకపోతే 'పుయెదె రెపెతీర్, పోర్ ఫవోర్' అనండి, మళ్లీ చెబుతారు. ఎలా జరిగిందో వచ్చే సంచికకు రాసి పంపండి.