తిత్తి తీసిన పెట్టెకు వెల యెంత?

పాత హార్మోనియానికి ఎంత వస్తుందని మైదుకూరు చుట్టుపక్కల పల్లెలవారు నన్నడగడం ఈ మధ్య ఎక్కువయింది. తెలుగు పండితునికి వాయిద్యాల బేరంతో ఏమి పని అనవచ్చు. నాటకాలు జోరుగా ఆడిన రోజుల్లో పద్యాలలో పలుకు దిద్దిపెట్టినవాణ్ణి గనుక అడుగుతున్నారు. నేను ధర చెప్పను. ఎవరికి అమ్ముతున్నారని తిరిగి అడుగుతాను. అట్లా అడగడమే తప్పని మొన్న ఒక బ్లాగ్మిత్రులు నాతో వాదానికి దిగారు. "మాస్టారూ, కొనేవాడుంటేనే పాత వస్తువు బ్రతుకుతుంది. అటకమీద చెదలు తినడంకంటె నగరంలో ఏదో హోటలు వాకిట్లో మెరుస్తూ ఉండడం మేలు కాదా?" అని వారి ప్రశ్న. కాదని నా సమాధానం. ఎందుకు కాదో కొంచెం విపులంగానే చెప్పుకోవాలి.

ఇక్కడ నేను మాట్లాడుతున్నది భజన మందిరాల్లో ఒక చేత్తో తిత్తి ఊపుతూ మరొక చేత్తో వాయించే చిన్న పెట్టెను గురించి కాదు. అది 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ రూపొందించిన చేతి హార్మోనియం సంతతి. నాటకాలది కాలి హార్మోనియం. కాళ్లతో తొక్కితే తిత్తి ఊదుతుంది, రెండు చేతులూ మెట్లమీద ఆడతాయి. 1840లలో పారిస్‌లో పుట్టిన అసలు హార్మోనియానికి ఇదే దగ్గరి చుట్టం. మా కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడినప్పుడు మొదలైన నాటక సమాజం ఎంత పెద్ద వృక్షమైనదో మీకు తెలుసు. ఆ వృక్షపు నీడలో, పండుగకో తిరుణాలకో బ్రహ్మంగారి నాటకమో హరిశ్చంద్రో ఆడుకొనే పల్లె జట్లు ఈ సీమలో ఎన్నో ఉండేవి. ఆ జట్టుకు గురువు హార్మోనిస్టే. అక్షరం రాని సేద్యగాడిచేత నెలల తరబడి పద్యం వల్లె వేయించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ సమాసాన్ని విరవకూడదో పెట్టెమీద పలికించి నేర్పేవాడు. గణాలూ యతులూ నల్లబల్లమీద వ్రాసి నేను నేర్పినదానికంటె ఆ పెట్టె నేర్పినదే ఎక్కువమంది గొంతులలో నిలిచింది.

గత వేసవిలో మా మండలంలోని ఒక పల్లెలో ఇట్లాంటి పెట్టె అమ్మకానికి వచ్చింది. కొనవచ్చినాయన మూత తెరిచాడు గాని మెట్టుమీద వేలు పెట్టలేదు. పక్క చెక్కను గోటితో గీకి టేకేనని తేల్చుకొన్నాడు. లోపలి పలక విప్పించి, రీడ్లమీది అక్షరాలను ఫోనుతో ఫోటో తీసి ఎవరికో పంపాడు. "జర్మనీ రీడ్లయితే ఆరువేలు, కాకుంటే రెండున్నర" అన్నాడు. పలుకుతుందా అని మాటవరసకైనా అడగలేదు.

జర్మనీ రీడ్లు, పారిస్ రీడ్లు అన్న మాటలకు మనవారిలో మంత్రమహిమ ఉన్నది. మంచివే, కాదనను. కాని రీడంటే ఇత్తడి నాలుక. కొన గీకితే స్వరం హెచ్చుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. శ్రుతి చేసిన ప్రతిమారూ ఆ నాలుక అంతో యింతో అరుగుతుంది. అరవై డెబ్బై ఏండ్లు పదిమంది చేతుల్లో గీకించుకొన్న నాలుకలో పేరు మిగిలిందా, ప్రాణం మిగిలిందా అన్నది వాయిస్తేనే తెలుస్తుంది. గుజరాతులోని పాలీతాణాలో చేసే రీడ్లతో దేశమంతా హార్మోనియాలు మ్రోగుతూనే ఉన్నాయి. అయినా మన బేరగాళ్లకు ముద్ర కావాలి. రీడ్లు పీకి వేరే పెట్టెకు ఎక్కిస్తారు. తిత్తి కుప్పలో పడుతుంది. మిగిలిన టేకు డొల్లకు మెరుగుపూత పూసి పూలకుండీ పెడతారు.

ఇది మన జాడ్యమేననుకొని క్రుంగనక్కరలేదు. ఒళ్లో పరుండబెట్టుకొని, తంతులమీద ఉక్కుకడ్డీ జార్చి వాయించే హవాయి గిటారును పాత సినిమా పాటలలో మీరు వినే ఉంటారు. అమెరికాలో దానిని లాప్ స్టీల్ అంటారు. విద్యుత్తుతో పలికే గిటార్లలో మొదట అంగడికెక్కిన వాటిలో అదొకటి. 1932లో రికెన్‌బాకర్ వారు అల్యూమినియంతో పోసిన, 'పెనం' అని ముద్దుపేరు పడ్డ వాయిద్యం ఆ జాతిదే. ఫెండర్ వారు కూడా మొదట చేసినవి లాప్ స్టీళ్లే. ఈనాటి బేరం చూడండి. 1950లలో ఒకే కర్మాగారంలో తయారైన ఫెండర్ గిటారుకు ఇల్లు కొనేంత ధర పలుకుతుంటే, లాప్ స్టీలు అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. పనితనం తక్కువై కాదు, వాయించే చేతులు తక్కువై. పైగా రై కూడర్ అనే విద్వాంసుడు సుప్రో లాప్ స్టీలులోని పికప్పును, అంటే తంతి కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు అమరికను, తన గిటారుకు బిగించుకొని పేరు తెచ్చుకొన్నాడు. ఆయన చేసినది సంగీతం కోసం. ఆ మోజులో ఎందరో పాత లాప్ స్టీళ్లను చీల్చి పికప్పు తీసుకొని చెక్కను పారవేశారు. మన జర్మనీ రీడ్ల కథే ఇది.

అయితే అక్కడ ఒక మేలున్నది. యుద్ధానికి ముందటి రికెన్‌బాకర్‌ను కొనేవాడు అయస్కాంతం ఒకటిన్నర అంగుళమా, ఒకటింబావా అని కొలిచి చూస్తాడు. యుద్ధం తరువాత వాటి వెడల్పు తగ్గించారు, దానితో నాదమూ మారిందని వాయించేవాళ్ల అభిప్రాయం. అంటే ఆ కొలత నాదానికి సంబంధించినది. వెల పెంచేది వాయించేవాడే. మన పల్లెకు వచ్చినాయన గోటికి టేకు తెలుసు గాని, ఆయన చెవికి పనే లేదు.

మా పక్కనున్న ప్రొద్దుటూరు బంగారానికి పేరుపొందిన ఊరు. పాత నగ తీసుకొనిపోతే తూకం వేసి, తరుగు తీసి, లోహానికి వెల కడతారు. మజూరీ పోతుంది. కరిగించినా బంగారం బంగారమే గనుక ఆ లెక్క చెల్లుతుంది. హార్మోనియంలో లోహమూ చెక్కా స్వల్పం, ఉన్నదంతా మజూరీయే. దానిని తూకం లెక్కన కొనడం వీణను వంటచెరకుగా కొనడమే.

కొనడమే పాపమని నేననను. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర తాళపత్రాలు సేకరించాడు. కాని పండితులను కూర్చోబెట్టి చదివించాడు, పాఠాలు సరిపోల్పించాడు, ప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చినది ఆ శ్రమవల్ల. అవే తాటాకులను అద్దాల పెట్టెలో అలంకారంగా బిగించి ఉంటే ఆయనను మనం తలచుకొనేవారమా? కొన్నవాడు కాపాడతాడన్న మిత్రుని వాదానికి నా జవాబు బ్రౌనే. చదివించిన కొనుగోలు వేరు, గోడకు తగిలించిన కొనుగోలు వేరు.

హార్మోనియం గమకానికి పనికిరాదు, దానిపై ఇంత దుఃఖమెందుకని శాస్త్రీయ సంగీతాభిమానులు అనబోతున్నారని తెలుసు. ఆకాశవాణి 1940లో దానిని వెలివేసి 1971 దాకా రానివ్వలేదు కూడ. గమకం మాట నిజమే. ఆ మూడు దశాబ్దాలూ పద్యనాటకం మా పల్లెల్లో తెల్లవార్లూ ఆ వెలిబడ్డ పెట్టెతోనే సాగిందన్నదీ నిజమే. వేలమంది ముందు మైకు సరిగా లేని పందిట్లో హెచ్చు శ్రుతిలో రాగం తీసే నటునికి అండగా నిలిచే శక్తి దానికున్నది. గమకం చాలలేదని డొల్ల చేసి కుండీ పెట్టేవాణ్ణి సమర్థించబోకండి.

ఇక అమ్మదలచిన ఇళ్లవారికి నేను చెప్పేది ఇంతే. బేరానికి వచ్చినవారిని ముందు పెట్టె ముందర కూర్చోబెట్టి తొక్కమనండి. తమకు రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తెమ్మనండి. లోపలి పలక విప్పనివ్వవద్దు. పలకని మెట్లెన్నో లెక్కపెట్టి, మెట్టుకింత అని ధర తగ్గించండి. తిత్తి తోలు చిరిగి ఉంటే ఆ మరమ్మతు ఖర్చూ తగ్గించండి. నాటకం ఆడేవారో, నేర్పేవారో అడిగితే సగానికైనా ఇవ్వండి, వాయిదాలలోనైనా ఇవ్వండి. పైన చెప్పిన పల్లెలోని పెట్టె ఇంకా అమ్ముడుపోలేదు. పై వరుసలో మూడు మెట్లు మూగబోయినాయి, మిగిలినవన్నీ పలుకుతున్నాయి. వాయించగలవారు ఎవరైనా ఉంటే వ్యాఖ్యలో తెలియజేయండి, ఇంటివారితో నేను మాట్లాడతాను.