చేతి తిమ్మిరి ఆపరేషన్: కెమెరా కోసం అప్పు చేయొద్దు



దినామూ కొమ్మలు కోసి, చంద్రికల నుంచి గూళ్లు విడిపించే చేతులు మనవి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు నిద్ర లేపుతున్నాయంటే అది కార్పల్ టన్నెల్ జబ్బు కావచ్చు. మణికట్టు దగ్గర గట్టి పట్టీ కింద నరం నలగడమే ఈ జబ్బు. మొదట్లో రాత్రిపూట పట్టీ కట్టుకున్నా, ఇంజెక్షన్ వేయించుకున్నా చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఆపరేషనే.

అక్కడ అందరూ అడిగేది ఒకటే: మామూలు కోతా, కెమెరా పద్ధతా?

రెండిట్లోనూ చేసే పని ఒక్కటే. ఆ పట్టీని పూర్తిగా కోసి నరానికి చోటిస్తారు. మామూలు పద్ధతిలో అరచేతిలో 3, 4 సెంటీమీటర్ల కోత పెడతారు, నరం డాక్టరు కంటికి నేరుగా కనబడుతుంది. కెమెరా పద్ధతిలో ఒకటి రెండు చిన్న గాట్లే. కోత నొప్పి తక్కువ, సగటున ఓ వారం ముందే పనికి దిగొచ్చు. కానీ నరానికి కొన్నాళ్లు ఇబ్బంది కలిగే అవకాశం కాస్త ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. ఆరు నెలలు, ఏడాది పోయాక చూస్తే రెండిటి గుణం దాదాపు సమానం.

అందుకే నా మాట ఇది. దగ్గర్లో ఈ ఆపరేషన్ బాగా చేసి చెయ్యి తిరిగిన డాక్టరు ఉంటే మామూలు కోత చాలు. ఇన్సూరెన్స్ భరిస్తే, లేదా ఆ వారం కూలి పోతే ఇల్లు గడవదంటే, కెమెరా పద్ధతి సరే. అప్పు చేసి మాత్రం వద్దు. ఏ పద్ధతైనా బరువు పనికి నెల, నెలన్నర ఆగాల్సిందే. పిడికిలి బలం రావడానికి 2, 3 నెలలు పడుతుంది. ఆ డబ్బుతో ఒక పంటకు కూలిమనిషిని పెట్టుకోండి.

గూళ్లు మార్కెట్టుకు వేసినాక ఆపరేషన్ పెట్టుకోండి. మనిషి సాయం లేకుంటే తరువాతి చాకీ తేవద్దు. గాయం మానేదాకా షెడ్డులో బ్లీచింగ్, సున్నం ముట్టొద్దు.

'ఈ పంట పోనీ' అంటూ ఏడాది గడిపే అక్కలకు ఒక మాట. పండిన పురుగును ఆలస్యంగా చంద్రికకు ఎత్తితే పట్టు పోతుందని మనకు తెలుసు. నరమూ అంతే. బొటనవేలి కింద కండ కరిగిపోయినాక ఏ ఆపరేషన్ చేసినా పూర్తి బలం రాకపోవచ్చు. వేళ్లు మొద్దుబారితే, చేతిలోది జారిపోతుంటే ఈ వారమే చూపించుకోండి. నరాల పరీక్షతో పాటు షుగరు, థైరాయిడ్ కూడా చూడమనండి.