ఆ ఇరవై నిమిషాలు ఎవరివి?

“గుజ్జు అరిగిపోయింది.” మోకాళ్ల నొప్పులతో డాక్టరు దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువే ఉంటారు. మూడేళ్ల కిందట నాకూ ఇదే చెప్పారు. ఆ డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూపించి, “కింద కూర్చోకండి, మెట్లెక్కకండి, బరువు తగ్గండి, ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదు” అన్నారు. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది. నా యాభై నాలుగేళ్ల బతుకులో నేను ఎంతకాలం కింద కూర్చుని పనిచేశానో, ఎవరికోసం చేశానో ఆయన అడగలేదు.

ఈ గుజ్జు అనే మాట మనల్ని ఎంత భయపెడుతుందో చూడండి. అయిపోయింది మళ్లీ రాదు కనుక కదిలితే ఇంకా అరుగుతుందని అనుకుంటాం. నేనూ అలాగే నడవడం మానేశాను. ఆరు నెలల్లో తొడలు సన్నబడ్డాయి, నొప్పి మాత్రం పెరిగింది. నేను లెక్క తలకిందులుగా వేసుకున్నానని తర్వాత తెలిసింది. మోకాలి మీద పడే భారంలో కొంత తొడ ముందుభాగంలోని కండరం మోస్తుంది. వాడకపోతే అది బలహీనమవుతుంది, అప్పుడు ఆ భారం కూడా కీలు మీదే పడుతుంది. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినా హాయిగా నడిచేవాళ్లున్నారు. పెద్దగా ఏమీ కనిపించకపోయినా లేవలేనివాళ్లూ ఉన్నారు.

ఫిజియోథెరపీ అంటే మనవాళ్ల భాషలో ‘కరెంటు పెట్టించుకోవడం’. నేనూ పది రోజులు పెట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కరెంటు కంటే ఆ పావుగంట పడుకోవడమే నాకు నచ్చింది. ఆ కాసేపూ టీ కావాలని, చొక్కా ఎక్కడుందని నన్నెవరూ పిలవలేదు! అక్కడ పనిచేసే అమ్మాయి చాలా నిజాయితీపరురాలు. “అమ్మా, ఈ మిషను కొసరు మాత్రమే. అసలు మందు మీ కాళ్లలోనే ఉంది” అంది. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి పది అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచడం, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి కిందికి అదమడం, వెల్లకిలా పడుకుని కాలు తిన్నగా ఎత్తడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం నేర్పింది. కొంచెం నొప్పి వచ్చినా ఫర్వాలేదని, మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించమని చెప్పింది. రోజుకు ఇరవై నిమిషాలు. మూడు నెలలకు పట్టుకోకుండా మెట్లెక్కాను.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే రాసేదాన్ని కాదు. అమెరికా సైనిక ఆస్పత్రుల్లో 156 మంది మోకాళ్ల నొప్పుల రోగుల్లో సగం మందికి మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్లు, మిగతా సగానికి ఫిజియోథెరపీ ఇచ్చి ఏడాది తర్వాత చూశారు. ఫిజియోథెరపీ వాళ్లకే నొప్పి తక్కువగా, కదలిక మెరుగ్గా ఉందని 2020లో ప్రకటించారు. ఆపరేషన్ దండగని నేను అనడం లేదు. డెన్మార్క్‌లో కీలు మార్పిడికి తగినవాళ్లే అయిన 100 మందికి పన్నెండు వారాలు వ్యాయామం, మందులు, సలహాలు ఇచ్చారు. వాళ్లలో సగం మందికి ముందుగా ఆపరేషన్ కూడా చేశారు. ఆపరేషన్ అయినవాళ్లకే ఎక్కువ ఉపశమనం కలిగింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కానీ ఆపరేషన్ లేనివాళ్లలో ఏడాదిలోపు దాని అవసరం పడింది నలుగురిలో ఒకరికే. 2015 నాటి ఈ ఫలితం మనకు ఎవరైనా చెప్పారా? కీలు ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా, కాలు బిగుసుకుపోయి కదలకపోయినా మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడుంది. గోలీ మింగడానికి అరనిమిషం చాలు. ఈ మందుకు మాత్రం రోజూ ఇరవై నిమిషాలు కావాలి, అది కూడా పడుకుని, కూర్చుని. వంటిల్లు ఎదురుచూస్తుండగా మంచమ్మీద కాలెత్తి పడుకున్న కోడల్ని మన ఇళ్లలో ఏమంటారో నేను రాయక్కర్లేదు. నాకు పెన్షన్ ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అయినా మొదటి నెల తలుపు వేసుకుని చేశాను. ఎవరికి భయపడ్డాను? నాకే తెలియదు.

మా నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల సంగతి చూడండి. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుటినుంచి నేలమీదే కూర్చుంటారు, బీడీల లెక్కన కూలి. మా వీధిలో ఒకావిడకు ఈ వ్యాయామాలు చెబితే, “టీచరమ్మా, ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని బీడీలు పోతయో ఎరుకనా?” అంది. కింద కూర్చోవద్దన్న డాక్టరు సలహాకు కూడా ఆమె దగ్గర ఇదే జవాబు. మందుల షాపులో ఏళ్లతరబడి కొనుక్కునే నొప్పి గోలీలు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయని ఆమెకు తెలియక కాదు. ఆమె కొనగలిగింది అదొక్కటే.

యాభై దాటాక ఈ జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. అయినా మన ప్రభుత్వాల చూపు ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పుట్టింది. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరలకు పరిమితి పెట్టింది, మంచిపనే. మరి ఆపరేషన్‌దాకా పోకుండా ఆపగల మనిషి ఏరి? మా మండలం పీహెచ్‌సీలో ఫిజియోథెరపిస్టు లేరు, జిల్లా కేంద్రానికి పోవాలి. 2023 డిసెంబరు నుంచి మాకు బస్సు ఉచితమే కానీ, పోయిన రోజు కూలి ఎవరిస్తారు? వారానికి ఒకరోజైనా ఫిజియోథెరపిస్టు ప్రతి పీహెచ్‌సీకి రావాలని, ఆశా కార్యకర్తలకు ఈ నాలుగు వ్యాయామాలు నేర్పి ఆ పనికి వేరే డబ్బు ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి. బీడీలు చుట్టేచోట ఎత్తు పీటలు, మధ్యలో కూలి కోతలేని విరామం కూడా అడగాలి. కూర్చున్న పని కనుక కష్టం లేని పని అనుకునే యజమానులకు మోకాలు కూడా పనిముట్టేనని గుర్తుచేయాలి.

పోయిన నెల మా సంఘం మీటింగులో మొదటి ఇరవై నిమిషాలు వ్యాయామానికే పెట్టుకున్నాం. ఇంట్లో దొరకని సమయం మీటింగు పేరుతోనైనా దొరుకుతుందని. కుర్చీలు తొమ్మిదే ఉన్నాయి. మిగిలినవాళ్లు బయట అరుగు మీద వరసగా కూర్చుని కాళ్లు చాపి, గట్టిగా అంకెలు లెక్కపెట్టారు. బీడీల అక్క చాటతో సహా వచ్చింది. ఆరో అంకె దగ్గర చాట పక్కన పెట్టింది.