దొరకలేదంటే జరగలేదనేనా?

ఇంగ్లీషువాళ్ళ వంశచరిత్రలు చదవడం నాకో పిచ్చి. వాటిలో ఒక్క మాట తగిలితే మాత్రం ఒళ్ళు మండుతుంది: ఊరి చర్చి రిజిస్టర్‌లో పెళ్ళి నమోదు కాలేదు, కాబట్టి ఆ ముత్తవ్వకి పెళ్ళే కాలేదట!

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. టేబుల్‌లో గడి ఖాళీగా ఉంటే 'తెలియదు' అని అర్థం, 'కాదు' అని కాదు. ఇది మాకు ఓనమాలతో సమానం.

1754 మార్చి 25న హార్డ్‌విక్ చట్టం అమల్లోకి వచ్చేదాకా, చర్చిలో ముందస్తు ప్రకటనా లైసెన్సూ లేకుండా పాస్టరు చేసిన పెళ్ళి నియమాలకు విరుద్ధమే గానీ, చెల్లేది. లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల సారాకొట్లలో అలాంటివి వేలల్లో జరిగాయి. చేసుకున్నవాళ్ళంతా లేచిపోయిన ప్రేమికులేం కాదు. చవగ్గా, త్వరగా, నలుగురి నోళ్ళలో పడకుండా పని కానిచ్చుకోవాలనుకున్న మామూలు జనం బోలెడు.

అలాగని ఫ్లీట్ పుస్తకాల్ని నెత్తిన పెట్టుకోమనను. డబ్బిస్తే పాత తేదీ వేసి రాసిన సందర్భాలున్నాయి. కొన్నిచోట్ల పేర్లకు బదులు పొడి అక్షరాలే. అవి ఇప్పుడు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 7 అనే వరుసలో ఉన్నాయి. వెతకండి. అనుమానంగా చదవండి. పిల్లల బాప్టిజం తేదీలతో సరిచూడండి. అప్పటికీ దొరక్కపోతే 'దొరకలేదు' అని రాసి ఊరుకోండి.

మూడువందల ఏళ్ళ కిందటి ఆడమనిషి లేచొచ్చి మనతో వాదించదు. ఆ ధీమాతోనేగా ఆమె పేరు పక్కన 'అవివాహిత' అని రాసేస్తున్నాం?