సంతకం ఒక్కటే చాలదు, ఎర్తు కొలత కావాలి

బి. కొత్తకోట: హార్స్లీ కొండ చుట్టుపక్కల పల్లెల్లో కొత్త ఇల్లు కట్టినా, బోరుకు మోటారు దించినా, కరెంటు సర్వీసు కోసం ఒక కాగితం అవసరమవుతుంది. వైరింగు సక్రమంగా పూర్తయిందని లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు సంతకం చేసి ఇవ్వవలసిన రిపోర్టు అది. పని చేసేది ఊరి వైర్‌మన్, చూడకుండా సంతకం పెట్టేది పట్నం కాంట్రాక్టరు అయినప్పుడు, ఆ డబ్బు దండుగ అని రైతులు భావించడంలో వింత లేదు.

అయితే నిబంధన ఉద్దేశం వేరు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోని 45వ నిబంధన ప్రకారం వైరింగు పనికి ముగ్గురు ఉండాలి. పని ఒప్పుకొనే కాంట్రాక్టరుకు లైసెన్సు, దగ్గరుండి చూసే సూపర్‌వైజరుకు యోగ్యతా పత్రం, చేసే వైర్‌మన్‌కు పర్మిట్టు అవసరం. ఆ నిబంధనల స్థానంలో 2010లోను, తిరిగి 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్తవి తెచ్చినా ఈ పద్ధతి మారలేదు. బల్బు, ఫ్యాను, స్విచ్చి, ఇంటి ఫ్యూజు మార్చుకోవడానికి మాత్రం లైసెన్సు అక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు ఇందులోకి రాదు. అది విద్యుత్ సంస్థ సొత్తు.

లైసెన్సు రుసుము, రెన్యూవల్ రుసుము బోర్డుకు కట్టేది కాంట్రాక్టరే అయినా, ఆ భారం చివరకు పడేది వినియోగదారుడి మీదనే. అందుకు ప్రతిఫలం ఏమిటి? కాంట్రాక్టరు వద్ద మెగ్గరు, ఎర్త్ టెస్టరు వంటి పరికరాలు ఉండాలి. ఆ పరికరాలు మన వైరింగు మీద పెట్టి చూడడమే అసలు ప్రతిఫలం.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడిది రాతి నేల, ఎండాకాలం తడి ఉండదు. ఇటువంటి చోట ఎర్తు సరిగా పనిచేయదు. ఉదాహరణకు ఎర్తు నిరోధం 50 ఓములు ఉన్నదనుకుందాం. ఫేజు తీగ మోటారు బాడీకి తగిలితే 230 వోల్టుల వద్ద భూమిలోకి పోయేది నాలుగున్నర ఆంపియర్లు మాత్రమే. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. మోటారు బాడీలో, స్టార్టరు డబ్బాలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. తడి చేతితో ముట్టిన రైతు ప్రాణానికే ముప్పు. గొయ్యి తీసి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసినంత మాత్రాన ఎర్తు కుదిరిందని కంటితో చెప్పలేము. కొలిచి చూడవలసిందే.

కనుక రిపోర్టుకు డబ్బు ఇచ్చే ముందు కాంట్రాక్టరును గాని, ఆయన సూపర్‌వైజరును గాని పొలానికి రప్పించి, తమ ఎదుటనే ఎర్తు కొలవమని రైతులు అడగాలి. సర్వీసు ఇచ్చే ముందు పరీక్షించవలసిన బాధ్యత విద్యుత్ సంస్థకూ ఉన్నది. పని తెలిసి పర్మిట్టు లేని ఊరి వైర్‌మన్‌లు పర్మిట్టు పొందేందుకు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోనే వీలు కల్పిస్తే సంతకాల బేరం చాలావరకు తగ్గుతుంది. అధికారులు ఈ విషయం ఆలోచించవలసి ఉన్నది.