వైద్యుని నిర్ధారణపైనే వికలాంగుల పింఛను
నిపుణుల నియామకమే పథకం అమలుకు ఆయువుపట్టు

వికలాంగుల పింఛనుకు వచ్చిన దరఖాస్తులో నివాసం, ఆదాయం, వయస్సు వంటి అంశాలను మండల స్థాయి సిబ్బంది పరిశీలించగలరు. వైకల్యం ఎంత శాతమో తేల్చే అధికారం మాత్రం ప్రభుత్వం నియమించిన వైద్యులకే ఉన్నది. అందువలన ఏ విభాగపు నిపుణులను, ఎందరిని, ఏ ఆసుపత్రులలో ఇందుకు నియమించారన్నది పింఛను మొత్తంతో సమానమైన ప్రాధాన్యం గల విషయం. వైద్యుడు అందుబాటులో లేనిచోట అర్హత ఉన్నా ఫలితం అందదు.

చట్టం విస్తరించింది

1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి వలన కలిగిన వైకల్యం జాబితాలో చేరాయి. ధ్రువపత్రాలు జారీ చేసేందుకు తగిన అర్హత, అనుభవం గల వారిని నియమించే బాధ్యతను 57వ సెక్షను ప్రభుత్వాలపై ఉంచింది. నిర్ణయంపై అప్పీలుకు 59వ సెక్షను అవకాశం కల్పించింది.

దీనితో ఎముకలు, కన్ను, చెవి వైద్యులు ఉంటే సరిపోయే పరిస్థితి మారింది. మానసిక వైద్యులు, నరాల వైద్య నిపుణులు, శిక్షణ పొందిన సైకాలజిస్టులు కూడా అవసరమయ్యారు. కాలు కోల్పోయిన వ్యక్తి వైకల్యాన్ని ఒక్క పరీక్షలో కొలవవచ్చు. మానసిక ఎదుగుదల లోపించిన బాలుని విషయంలో ప్రత్యేక పరీక్షలు, తగిన వ్యవధి కావాలి.

ధ్రువపత్రాన్ని ఒక నెలలో జారీ చేయాలని 2017 నిబంధనలు నిర్దేశించగా, 2024 అక్టోబరులో వాటిని సవరించి ఆ గడువును మూడు నెలలకు పెంచారు.

ఒక్క శాతం విలువ

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సంఖ్య 22 లక్షల 66 వేలకు పైగా ఉన్నది. వీరికి ఒకే పద్ధతిలో వైకల్య నిర్ధారణ జరిపేందుకు ఉమ్మడి రాష్ట్రంలో ప్రవేశపెట్టిన కంప్యూటర్ ఆధారిత విధానమే ‘సదరం’. ఆసుపత్రులలో శిబిరాలు నిర్వహించి, వైద్యులు నమోదు చేసిన వివరాల ఆధారంగా శాతాన్ని లెక్కించేవారు. తెలంగాణలో 2025లో దీని స్థానే దేశవ్యాప్త గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ విధానాన్ని చేపట్టారు.

రాష్ట్ర విభజన నాటికి నెలకు 500 రూపాయలుగా ఉన్న వికలాంగుల పింఛను తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పథకం కింద 1,500 రూపాయలకు, 2019లో 3,016 రూపాయలకు, 2023 జూలైలో 4,016 రూపాయలకు పెరిగింది. ఈ లెక్కన వైద్యుడు 40 శాతానికి బదులు 39 అని నమోదు చేస్తే ఒక కుటుంబం ఏడాదికి 48,192 రూపాయలు కోల్పోతుంది. కేంద్రం అందించే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛనుకు 80 శాతం వైకల్యం ఉండాలి. పింఛను పెరిగిన కొద్దీ అనర్హుల ఒత్తిడీ, అర్హుల ఆందోళనా పెరగడం సహజం. ఈ రెండింటి నడుమ నిలబడవలసిన వైద్యునికి తగిన సమయం, పరికరాలు, శిక్షణ ఉండాలి.

సరిహద్దు గ్రామాల సమస్య

జహీరాబాద్ ప్రాంతంలోని చిరాగ్‌పల్లి 65వ నంబరు జాతీయ రహదారిపై కర్ణాటక సరిహద్దున ఉన్నది. ఏరియా ఆసుపత్రి జహీరాబాద్‌లో ఉండగా, జిల్లా కేంద్రమైన సంగారెడ్డి యాభై కిలోమీటర్లకు పైగా దూరం. నడవలేని వ్యక్తి అక్కడికి వెళ్లాలంటే తోడు ఒకరు కావాలి. ఇద్దరి కూలి పోతుంది. సంబంధిత నిపుణుడు ఆ రోజు లేకపోతే మరో ప్రయాణం తప్పదు.

ఇక్కడివారికి సంగారెడ్డి కంటే కర్ణాటకలోని బీదర్ దగ్గర. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉన్నది. దరఖాస్తుదారు తాను చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోనే ధ్రువపత్రం కోరవచ్చునని 2017 నిబంధనలు పేర్కొన్నాయి. చట్టం ప్రకారం ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. అయితే ఆసరా పింఛనుకు సదరం పత్రం తప్పనిసరి కావడంతో సరిహద్దు గ్రామాలకు ఈ వెసులుబాటు కాగితానికే పరిమితమైంది. యూడీఐడీ దేశమంతటికీ ఒకే విధానం కనుక ఈ అడ్డంకిని తొలగించేందుకు ఇది తగిన అవకాశం.

పునఃపరిశీలన నేర్పిన పాఠం

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను 6,000 రూపాయలకు, పూర్తిగా మంచాన పడినవారికి 15,000 రూపాయలకు పెరిగింది. 2025లో వైద్య బృందాలు పునఃపరిశీలన జరిపాయి. వైకల్యం 40 శాతం కంటే తక్కువగా తేలినవారికి నోటీసులు వెళ్లడంతో ఆందోళన రేగింది. ప్రభుత్వం అప్పీలుకు అవకాశమిచ్చింది. బ్రిటన్‌లో 2008 నుండి పని సామర్థ్య పరీక్షలను ఆటోస్ అనే ప్రైవేటు సంస్థ నిర్వహించింది. పెద్ద సంఖ్యలో నిర్ణయాలు అప్పీళ్లలో తారుమారు కావడంతో విమర్శలు ఎదురై, ఒప్పందం గడువుకు ముందే ముగిసింది. 2015లో ఆ పని మాగ్జిమస్ సంస్థకు మారింది.

అనర్హులను తొలగించడం అవసరమే. కాని తొందరపాటు నిర్ధారణ వలన ఒక్క అర్హుడు నష్టపోయినా పథకం లక్ష్యం దెబ్బతింటుంది. నిపుణుల ఖాళీలను భర్తీ చేయడం, ఏ రోజు ఏ నిపుణుడు ఉంటారో గ్రామ పంచాయతీలకు ముందుగా తెలపడం, మంచాన ఉన్నవారిని ఇంటి వద్దే పరీక్షించడం, శాతాన్ని ఎలా లెక్కించారో దరఖాస్తుదారుకు తెలుగులో వ్రాసి ఇవ్వడం, అప్పీలు తేలేవరకు పింఛను ఆపకుండా ఉండడం వెంటనే చేపట్టదగిన చర్యలు. వీటికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న చట్టం ప్రకారం వైద్యులను తగినంత సంఖ్యలో, తగిన చోట నియమిస్తే చాలును.